గోడవైపు తిరిగిన కుర్చీ

"నేనే చంపాననుకోండమ్మా. అందరికీ పీడ వదిలిపోతుంది," అన్నాడు డ్రైవరు, లాకప్ చువ్వల అవతలి నుంచి.

డిటెక్టివ్‌కి ఒళ్ళు మండింది. పొద్దున్నుంచి గొంతులో టీ చుక్క పడలేదు. ఈ మనిషి చూస్తే, పోలీసులకి శ్రమ కూడా లేకుండా తన మెడకు తనే ఉరితాడు పేనుకుంటున్నాడు.

"అనుకోడానికి ఇదేమన్నా పిల్లలాటా? చంపారా, చంపలేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

"చేత్తో చంపలేదు."

"మరి దేంతో చంపారు?"

"నిద్రతో."

గోడ గడియారంలో పన్నెండు దాటింది. నాలుగింటికి ఇతన్ని కోర్టులో నిలబెడతారు. ఆలోపు ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలు కాగితం రాయించి సంతకం పెట్టించుకుంటాడు. ఈ మహానుభావుడి వాలకం చూస్తే, పెన్ను అడిగి మరీ పెట్టేలా ఉన్నాడు. ఆ సంతకం పడిందంటే ఇక బతికుండగా బయటి వెలుతురు చూడడు.

నిన్న సాయంత్రం హత్యకు గురైన మనిషిని లోకమంతా కబుర్ల మాస్టారు అనేది. బడిలో చరిత్ర పాఠం అనగానే కడుపునొప్పి తెచ్చుకున్నవాళ్ళ చేతే, పెద్దయ్యాక అదే చరిత్రను అన్నం మానేసి చదివించిన ఘనుడు. బస్టాండ్లలో, రైలు ప్లాట్‌ఫారాల మీద ఆయన పుస్తకాలు వేడివేడిగా అమ్ముడుపోయేవి. విశ్వవిద్యాలయాల పండితులు "అది చరిత్ర కాదు, కాలక్షేపం" అని మూతి విరిచేవారు. ఆయన మాత్రం ఆ మాట విని హాయిగా నవ్వేసేవారట. అటువంటి మనిషి తన రాతగదిలో తల వెనక దెబ్బ తిని చచ్చిపోయి కనిపించారు.

ఇవాళ పొద్దున్నే ఆయన భార్య డిటెక్టివ్ ఆఫీసు తలుపు తట్టింది. నలిగిన చీర, నిద్రలేని కళ్ళు. "ఆ డ్రైవరు చెయ్యలేదమ్మా. అతన్ని బయటికి తీసుకురా. ఎలా తెలుసని మాత్రం నన్నడక్కు," అంది. కూర్చోమన్నా కూర్చోలేదు. మొగుడు పోయిన మర్నాడే, ఆ హత్య చేశాడంటున్న మనిషి కోసం పరిగెత్తుకొచ్చిన ఆడమనిషిని డిటెక్టివ్ తన సర్వీసులో చూడలేదు. అప్పట్నుంచీ ఆ మాట అరికాల్లో ముల్లులా కలుక్కుమంటూనే ఉంది.

"నిద్రతో చంపడమేంటో వివరంగా చెప్పండి. తొందరేం లేదు," అంది. తొందర లేకపోవడమేంటి, బోలెడుంది. కానీ ఎదుటివాళ్ళ చేత మాట్లాడించాలంటే గడియారం చూడకూడదని ఆమెకు తెలుసు. డిపార్ట్‌మెంటులో ఉన్న రోజుల్లో కానిస్టేబుళ్ళు ఆమెకు చెవులమ్మ అని పేరు పెట్టింది ఇందుకే.

డ్రైవరు చెప్పుకొచ్చాడు. సిటీ బస్సు నడిపే రోజుల్లో మాస్టారు అతని బస్సులోనే ఎక్కేవారు. ఓ రోజు డ్రైవరు ఉండబట్టలేక అడిగేశాడు: "మీ పుస్తకంలో కోట తలుపులు తీసిన కాపలావాడు చివరికేమయ్యాడండీ? వాడి సంగతి గాలికొదిలేశారు." మాస్టారు ఆలోచిస్తూ ఆలోచిస్తూ దిగాల్సిన స్టాపు దాటిపోయారు. మర్నాటి నుంచి ఆయన రాసే ప్రతి అధ్యాయానికీ తొలి శ్రోత డ్రైవరే.

"ఆయన పద్ధతే వేరమ్మా. గదిలో ఒకటే కుర్చీ, గోడవైపు తిప్పి ఉంటుంది. నేను అందులో కూర్చోవాలి. ఆయన నా వెనక ఎత్తుబల్ల దగ్గర నిలబడి చదివేవారు. వెనక్కి తిరక్కూడదు, ఊఁ కొట్టకూడదు. అది షరతు."

"కథ చెప్తుంటే ఊఁ కొట్టకపోతే ఎలాగండీ? పిల్లలే ఊరుకోరు."

"నేనూ అదే అన్నాను. 'ఊఁ అనేది మర్యాదకి అంటారయ్యా, నాకు మర్యాద అక్కర్లేదు. ముఖం మొహమాటపడుతుంది, వీపుకి మొహమాటం తెలీదు' అన్నారు. నా భుజాలు చూసేవారు. భుజాలు జారాయంటే బాలేదని లెక్క. ఆ పేజీ పర్రున చింపేసేవారు." డ్రైవరు చువ్వల దగ్గరికి జరిగాడు. "మొన్న జ్వరం మాత్ర వేసుకుని వెళ్ళాను. చదువుతూంటే కునుకు పట్టేసింది. మెలకువ వచ్చేసరికి అధ్యాయం మొత్తం ముక్కలు చేస్తున్నారు. మాత్ర సంగతి చెప్పబోయాను, వినలేదు. రేపట్నుంచి రావొద్దన్నారు. నాకు కడుపు మండి, గేటు దగ్గర నానా మాటలూ అనేశాను. 'నా ఉసురు నీకు తగులుతుంది' అని కూడా అన్నాను. ఎదురింటి దర్జీ విన్నాడు."

"నిన్న మళ్ళీ ఎందుకెళ్ళారు?"

"ఎక్కడికెళ్ళనమ్మా? మా ఆవిడ పోయాక ఆ గంటసేపే నేను మనిషిని. తక్కిన రోజంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోడమే. అక్కడా చూసేది గోడే అనుకోండి, కానీ ఆ గోడ మీద కోటలు కనబడేవి." కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. "కాళ్ళు పట్టుకుందామని వెళ్ళాను. వీధిగుమ్మం దాకా వెళ్ళేసరికి లోపల ఎవరో చెప్తున్నారు."

"మాస్టారా?"

"కాదు కాదు. మాస్టారిది గంట లాంటి గొంతు. ఇది సన్నగా, లోపల్లోపలే ఉంది. మాటలు తెలీలేదు, ఎవరిదో పోల్చుకోలేకపోయాను. ఇంకొకర్ని పెట్టేసుకున్నారు, నా పని అయిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది, తిరిగొచ్చేశాను. దర్జీ మళ్ళీ చూశాడు. నేను మొన్న నిద్రపోకుండా ఉంటే నిన్న ఆ కుర్చీలో నేనే ఉండేవాణ్ణి కదమ్మా. నేనుంటే ఆయన్ని ఎవరు కొడతారు?"

"ఇదుగో చూడండి. నేనొచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. చెయ్యి నొప్పి అనండి, కళ్ళు కనపడవనండి."

"అబద్ధమెందుకమ్మా?"

"అయ్యో నా కర్మ! ఒక్కరోజుకి ఆడండి, మునిగిపోయేదేం లేదు."

*

రాతగది గుమ్మంలో ఇన్‌స్పెక్టరు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆమె కిందే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆమె కనిపిస్తే చాలు, ఏదో ఒక మాట విసరందే అన్నం సహించదు.

"దయచేయండి మేడంగారూ! ఇంట్లో తోచడం లేదా? అవున్లెండి, పలకరించే దిక్కు ఉండాలి కదా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నిజానికి నిన్న రాత్రి ఆమె మాట్లాడింది ఫ్రిజ్‌తో. అది రొద చేస్తుంటే "సరే సరే, విన్నాను" అని, ఆ అన్న గొంతు తనదేనని తెలిసి కాసేపు అలాగే నిలబడిపోయింది. ఇవన్నీ ఇతనికి చెప్పుకునే సంగతులా?

"తోచకపోతే సినిమాకి వెళ్తానయ్యా. శవం లేచిన గదికి రాను. మాస్టారి భార్య పిలిస్తే వచ్చాను. పక్కకి జరుగు."

జరిగాడు. సణుగుతూనే అనుకోండి.

గది చిన్నది. మూడు గోడలకీ పుస్తకాలు. నాలుగో గోడకి ఏమీ లేదు, ఉత్త సున్నం. దానికెదురుగా చేతుల కుర్చీ. కుర్చీ వెనక నాలుగడుగుల దూరంలో ఎత్తుబల్ల, దాని మీద రాతప్రతి. కుర్చీ వెనక నేల మీద కొద్దిగా నెత్తురు మరక. తోసులాట జరిగిన ఆనవాలు ఎక్కడా లేదు.

"శవం ఎక్కడ దొరికింది?"

"ఆ కుర్చీలోనే. ముందుకి వాలిపోయి. ఆరున్నరకి భోజనానికి పిలవడానికొచ్చి భార్య చూసింది. డ్రైవరు ఆరింటికి గేటు దగ్గరున్నాడు. దర్జీ సాక్ష్యం. ముందురోజు తిట్టిపోసిందీ వాడే. ఇంకేం కావాలి? చంటిపిల్లాడు కూడా కట్టేస్తాడు ఈ కేసు."

"చంటిపిల్లాడే కట్టాడు. ఒక్క సంగతి చెప్పు. అది ఎవరి కుర్చీ?"

"మాస్టారిది. ఆయన ఇల్లు, ఆయన కుర్చీ."

"కాదు. అది వినేవాళ్ళ కుర్చీ. ఇన్నేళ్ళలో మాస్టారు అందులో ఒక్కసారి కూర్చోగా డ్రైవరు చూడలేదు. కొంచెం నువ్వెళ్ళి కూర్చో."

"నాకేం పనిలేదనుకున్నారా?"

"కూర్చుంటే టోపీ ఏం పడిపోదులే."

ఇన్‌స్పెక్టరు విసుక్కుంటూ వెళ్ళి కూర్చున్నాడు. ఆమె ఎత్తుబల్ల వెనక నిలబడింది. అక్కడి నుంచి ఆ వీపు ఎంత బాగా కనిపిస్తోందో! మెడ దగ్గర కాలరు చిరుగు, భుజం మీద ఊడిన దారం, ఊపిరికి కదిలే చొక్కా మడతలు. ఈ బల్ల దగ్గర నిలబడి మాస్టారు ఇన్నేళ్ళు మనుషుల ముఖాలు కాక వీపులు చూస్తూ బతికారు.

"ఇప్పుడు నా చేతిలో ఏముందో చెప్పు."

"నాకేం తెలుసు? వెనక్కి తిరగనీండి."

"అదే కదా. పొమ్మని తరిమేసిన మనిషికి, పోతూ పోతూ ఉసురు తగులుతుందని శాపనార్థాలు పెట్టిన మనిషికి, వీపిచ్చి ఎవరైనా కూర్చుంటారా? నిన్న ఇక్కడ చెప్పింది వేరొకరు. మాస్టారు విన్నారు. ఎవరో చాలా దగ్గరివాళ్ళు అయితే తప్ప ఆయన ఆ కుర్చీలో కూర్చోరు."

ఇన్‌స్పెక్టరు దిగ్గున లేచాడు. మెడ తడుముకున్నాడు. "మీ ఊహలు కోర్టులో నిలబడవు మేడం."

"సరే, నిలబడేది చూద్దాం. దేంతో కొట్టారు?"

"పాత ఇటుకతో. ఏదో కూలిన గోడదట, కాగితాల మీద బరువుకి పెట్టుకునేవారు. దాన్ని చేసినవాడి వేళ్ళ గుంటలు కూడా ఉన్నాయి దాని మీద. అది మా దగ్గరుంది. శుభ్రంగా తుడిచేశాడు దొంగవెధవ."

ఆమె రాతప్రతి మీదికి వంగింది. పై కాగితం ఇటుక వెడల్పున ఉబ్బి, అంచుల వెంట లేత ఎరుపు గీత కట్టి ఉంది. వేలితో రాస్తే గరుకుగా తగిలింది. కింది రెండు మూడు కాగితాలు కూడా అంటుకుపోయాయి.

"తుడవలేదు. కడిగారు. కడిగి తడి ఆరకుండానే తెచ్చి మళ్ళీ ఇక్కడే పెట్టారు. చూడు, కాగితం ఎలా ఉబ్బిందో."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు.

"ఈ ఇంట్లో నీళ్ళు ఎక్కడున్నాయి?"

"వంటింట్లో. స్నానాలగది పెరట్లో ఉంది."

"పెరట్లోకి దారి?"

"వంటింట్లోంచే." ఆ మాట అన్నాక ఇన్‌స్పెక్టరు వంటింటి వైపు ఓసారి చూశాడు. "అయితే? డ్రైవరు బయటికి తీసుకెళ్ళి ఎక్కడో కడిగి తెచ్చి ఉండొచ్చు."

"నెత్తురోడే ఇటుక పట్టుకుని వీధిలోకెళ్ళి, దర్జీ కళ్ళ ముందే కడుక్కుని, మళ్ళీ లోపలికొచ్చి, కాగితాలు ఎగిరిపోతాయని జాగ్రత్తగా బరువు పెట్టి వెళ్ళాడా? మనిషిని చంపినవాడికి కాగితాలు ఎగిరిపోతే ఏంటి, ఎగరకపోతే ఏంటి?"

"ఏదైనా సరే. నాలుగింటికి కోర్టు. నా కాగితాలు తయారు," అన్నాడు. కానీ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఆ ఉబ్బిన కాగితం వైపు మళ్ళీ చూశాడు. తిక్కమనిషే కానీ, తెలివి తక్కువవాడు కాదు. జీపు వెళ్ళిన చప్పుడు వినిపించింది.

*

మాస్టారి భార్య వంటింట్లో ఉంది. పొయ్యి వెలగలేదు. కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుగుతోంది.

"డ్రైవర్ని చూశావా అమ్మా? అన్నం తిన్నాడా?"

"తిన్లేదు పెద్దమ్మా. సంతకం పెట్టేస్తానంటున్నాడు."

ఆవిడ చేతిలో గిన్నె జారి సింకులో పడింది. "అయ్యో, వెర్రిబాగులవాడు! నువ్వెళ్ళావుగా, చెప్పలేదా?"

"చెప్పాను. కానీ ఎంతసేపు ఆగుతాడో తెలీదు. అందుకే మీ దగ్గరికొచ్చాను. నిన్న ఆ గదిలో ఎవరున్నారో మీరు వినలేదా?"

"ఇక్కడికేం వినపడుతుంది తల్లీ? మందపాటి గోడలు. పోలీసులకీ అదే చెప్పాను."

డిటెక్టివ్ వంటింటిని కలయజూసింది. రాతగదికీ దీనికీ ఒకటే గోడ. ఆ ఉత్త సున్నం గోడకి ఇవతలి పక్క ఇదే. గోడవారన పొట్టి స్టూలు. స్టూలు మీద కూర్చుంటే తల ఆనేచోట గోడ మీద అరచేతి వెడల్పున నల్లటి జిడ్డు మరక. తలనూనె. ఒకనాడు పడింది కాదు. వెల్ల వేసినప్పుడల్లా కప్పబడిపోయి, మళ్ళీ మళ్ళీ పైకి తేలుతూ వచ్చిన మరక.

ఆమె వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చుంది. గోడకి చెవి ఆనించింది. రాతగది కిటికీ రెక్క గాలికి కిర్రుమనడం కూడా స్పష్టంగా వినిపించింది.

కుళాయి కారుతూనే ఉంది. ఆవిడే కట్టేసింది.

"ఎప్పట్నుంచి వింటున్నారు?"

"మొదటి పుస్తకం నుంచి." ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుంది, నెమ్మదిగా, ఒక్కొక్క వేలూ. "లోపలికి పిలుస్తారేమోనని కొన్నాళ్ళు చూశాను. పోస్టుమాన్‌ని కూర్చోబెట్టుకున్నారు. మంగలిని కూర్చోబెట్టుకున్నారు. తర్వాత ఈ డ్రైవరు. నేను టీ ఇచ్చేసి వచ్చి ఇక్కడ కూర్చునేదాన్ని. మంచివాడు డ్రైవరు. టీ తీసుకున్నప్పుడల్లా 'మీరూ తాగారామ్మా' అనేవాడు. ఈ ఇంట్లో ఆ మాట అడిగింది అతనొక్కడే."

ఈ స్టూలు, ఈ మరక, ఈ వంటిల్లు ఆమెకు పరాయిగా అనిపించలేదు. అడగాల్సిన మాట అడగబుద్ధి కాలేదు. కానీ స్టేషన్లో ఆ అమాయకుడు పెన్ను కోసం చూస్తున్నాడు.

"ఇటుక ఇక్కడే కడిగారు కదా పెద్దమ్మా?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. ఎవరో ఎప్పటికైనా అడగాల్సిన మాటే అన్నట్టు తల ఊపింది. "చెప్తాను. కానీ ఇక్కడ కాదు. ఆ గదిలో. నువ్వా కుర్చీలో కూర్చుంటే చెప్తాను."

*

కుర్చీలో కూర్చున్నాక డిటెక్టివ్‌కి మొట్టమొదట తెలిసింది, తెల్లగోడ ఎంత పెద్దదో. చూడ్డానికి ఇంకేమీ లేదు. వెనక ఆవిడ అడుగులు ఎత్తుబల్ల దాకా వెళ్ళి ఆగాయి. ఇటుక పోలీసుల దగ్గరుంది, నిజమే. కానీ ఆ బల్ల మీద ఇత్తడి సిరాబుడ్డి ఉండటం ఆమె చూసింది. అదీ బరువైనదే. వీపు మీద చీమలు పాకినట్టయింది. వెనక్కి తిరుగుదామా అనుకుంది. తిరిగితే ఆవిడ నోరు మూతపడుతుంది, డ్రైవరు బతుకు తెల్లారిపోతుంది. అలాగే కూర్చుంది.

"మాకో పాప పుట్టిందమ్మా," అంది ఆవిడ వెనక నుంచి. గొంతు సన్నగా, లోపల్లోపలే ఉంది. "అప్పుడాయన ఇక్కడ లేరు. ఎక్కడో శాసనం బయటపడిందని వెళ్ళారు. పాప మూడు రోజులు బతికింది. ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ గుమ్మంలో నిలబడి 'ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తకు, నేను తట్టుకోలేను' అన్నారు. సరే అన్నాను. ఎత్తలేదు. ఎప్పుడో పోయిన రాజుల పిల్లల పేర్లన్నీ ఆయనకి కంఠతా వచ్చు. మా పిల్లకి ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉందని ఆయనకి తెలీదు. నేను తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు. నేను పోతే ఆ మచ్చ కూడా పోతుంది కదా."

డిటెక్టివ్ వెనక్కి తిరగలేదు.

"నిన్న డ్రైవరు లేడు. ఆయన ఇక్కడ నిలబడి ఖాళీ కుర్చీకి చదువుకుంటున్నారు. గోడవతల నేను వింటున్నాను. మధ్యలో ఆగిపోయారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ ఆగారు. వినేవాళ్ళు లేకపోతే ఆయనకి నోరు రాదమ్మా. జాలేసింది. లోపలికొచ్చి 'నేను కూర్చోనా?' అన్నాను. 'నీకెందుకే ఇవన్నీ' అన్నారు. ఇంత జీవితం గడిచాక ఆ మాట! నాకెక్కడ లేని మొండితనం వచ్చింది. 'అయితే మీరు కూర్చోండి, నేను చెప్తాను' అన్నాను. నవ్వారు. నవ్వుతూనే వచ్చి కూర్చున్నారు."

వీధిలో జీపు ఆగిన చప్పుడు. బూట్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆవిడ విన్నదో లేదో, చెప్పడం మానలేదు.

"మొదటి రోజు మొత్తం చెప్పాను. ఎలా పుట్టిందో, ఎంత జుట్టుందో. రెండో రోజు మొదలుపెట్టాను. మధ్యాహ్నం నా వేలు పట్టుకుంది, విడిపించుకోబోతే వదల్లేదు. అది చెప్తున్నాను. ఆయన తల వాలిపోయింది. భుజాలు రెండూ జారిపోయాయి. భుజాలు జారితే ఏంటో ఈ గోడవతల కూర్చుని ఇన్నేళ్ళూ విన్నదాన్ని, నాకు తెలీదూ? నిద్రపోయారు. నా పిల్ల కథకి నిద్రపోయారు. చేతికి ఇటుక తగిలింది. ఎత్తింది నేనేనా అని ఇప్పటికీ అనుమానమే. తర్వాత తీసుకెళ్ళి కడిగాను, తెచ్చి కాగితాల మీద పెట్టాను. కిటికీ తెరిచి ఉంది, ఎగిరిపోతాయి కదా."

గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టరు గొంతు వినిపించింది. ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. "ఇటుక గుంటలో గిన్నెలు తోమే పీచు ఇరుక్కుని ఉంది మేడం. అది చూసే వెనక్కొచ్చాను." ఆ వెంటనే ఫోను తీసి స్టేషనుకి చెప్పాడు: "డ్రైవర్ని కోర్టుకి పంపకండి. ఆ కాగితం చింపేయండి. అతనికి అన్నం పెట్టించండి ముందు."

"అమ్మయ్య," అంది ఆవిడ. "ఆ పని పొద్దున్నే నేనే చెయ్యాల్సింది. స్టేషను మెట్ల దాకా వెళ్ళాను కూడా. నోరు పెగల్లేదు. అందుకే నీ దగ్గరికొచ్చాను. ఎలాగైనా నువ్వే అడుగుతావనుకున్నాను."

డిటెక్టివ్ ఇంకా గోడవైపే చూస్తోంది. పని అయిపోయింది. లేవొచ్చు. కానీ ఇన్నేళ్ళు ఎవరూ వినని మనిషికి వీపు చూపించి కూర్చుని, సగంలో లేచిపోవడానికి ఆమెకు మనసొప్పలేదు. ఇంకో మాట కూడా తేలాలి. దెబ్బ తగిలాక ఆయన కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నించలేదు, చేతులు అడ్డుపెట్టుకోలేదు.

"దెబ్బ తగలగానే ప్రాణం పోయిందా పెద్దమ్మా? ఆయన ఏమీ అనలేదా?"

వెనక ఎత్తుబల్ల చెక్క మీద ఆవిడ గోళ్ళు గీసిన చప్పుడు వినిపించింది.

"అన్నారు. ఇటు తిరగలేదు. గొంతంతా ఏడుపుతో పూడుకుపోయి ఉంది. దెబ్బ వల్ల వచ్చిన ఏడుపు కాదమ్మా, అంతకు ముందు నుంచీ ఏడుస్తున్న గొంతు అది. అప్పుడు తెలిసింది నాకు. 'ఆపావేం? చెప్పు' అన్నారు."